దుబాయ్‌ల టాక్స్ రిఫండ్ వచ్చిందంటే ఇక్కడ కస్టమ్స్ డ్యూటీ లేనట్టు కాదు, టూర్ ఏజెంట్ల మాట నమ్మకండి

హనుమకొండ, వరంగల్, కాజీపేట సైడు నుంచి దసరాకు, పెళ్ళిళ్ళ షాపింగ్‌కు దుబాయ్ టూర్ బుక్ చేసుకుంటున్నోళ్ళు దయచేసి ఇది పూర్తిగ చదవండి. మా అక్కాబావలకు అయిన నష్టం ఇంకొకరికి కావద్దనే రాస్తున్న.

2024 చలికాలంల మా అక్క బిడ్డ పెళ్ళి కుదిరింది. అల్లునికి మంచి వాచీ పెట్టాలని అక్కాబావలకు ఆశ. ఇక్కడి ట్రావెల్స్ అతను ఒకాయన (పేరు రాయను) గ్రూపు టూర్ తీస్కపోయిండు, షాపింగ్ మాల్‌ల దగ్గరుండి కొనిపిచ్చిండు. కొనేటప్పుడు చెప్పిందేంటంటే, ఎయిర్‌పోర్ట్‌ల టాక్స్ రిఫండ్ (అక్కడ కట్టిన పన్ను వాపస్) తీస్కుంటే అది టాక్స్ ఫ్రీ సామాను అయితది, ఇండియాల మళ్ళ ఏం కట్టే పని లేదు, ఒకవేళ అడిగినా మీరు ఇద్దరు కాబట్టి తలా 50 వేలు కలిపి లక్ష దాక ఫ్రీ అని. ఈ రెండు మాటలూ తప్పే. కానీ చెప్పేటాయన ఏటా మందిని తిప్పుకొచ్చేటాయన, బావ జీవితంల మొదటిసారి విమానం ఎక్కినాయన, నమ్మకుంట ఎట్లుంటడు?

వాచీ బిల్లు మన రూపాయలల్ల సుమారు 1,30,000. దుబాయ్‌ల వ్యాట్ (అమ్మకం పన్ను) 5 శాతం, అది ధరలోనే కలిపి ఉంటది. ఆ 5 శాతం గూడ మొత్తం చేతికి రాదు, రిఫండ్ కంపెనీ తన వాటా పట్టుకొని 87 శాతమే ఇస్తది, మళ్ళ ఒక్కో బిల్లు ట్యాగ్‌కు 4 దిర్హమ్‌ల 80 ఫిల్స్ కోస్తది. అన్నీ పోంగ బావ చేతికి దగ్గర దగ్గర 5,300 వచ్చినయి. సంబురపడ్డరు.

శంషాబాద్‌ల దిగినంక ఏజెంట్ అందరినీ గ్రీన్ ఛానల్ (డ్యూటీ కట్టే సామాను ఏం లేదనేటోళ్ళ దారి) నుంచి నడవమన్నడు. స్కానింగ్‌ల బ్యాగ్ ఆపిన్రు, బాక్సు తీసిన్రు, రిఫండ్ బిల్లు అందుల్నే ఉన్నది, దాని మీద ధర, తారీఖు, పాస్‌పోర్ట్ నంబర్ అన్నీ ఉన్నయి. అప్పటి రూల్ ప్రకారం ఒక్కొక్కరికి 50,000 దాక ఫ్రీ, ఆ పైన 38.5 శాతం. బావది 50,000 తీసేస్తే మిగిలిన 80,000 మీద 30,800 డ్యూటీ పడ్డది, చెప్పకుంట గ్రీన్‌ల వచ్చినందుకు ఫైన్ వేరే. అక్క లిమిట్ గూడ కలపమంటే కలపరాదన్నరు. అది నిజమే, ఒక ప్రయాణికుని ఫ్రీ లిమిట్‌ను ఇంకొకరి దాంతో కలిపి ఒకే వస్తువుకు వాడుకోరాదని రూల్స్‌లనే ఉన్నది, మొగుడు పెండ్లాలైనా అంతే. ఆఫీసర్లు రూల్ ప్రకారమే చేసిన్రు, వాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంత ఏజెంట్ మీదనే. 5,300 ఆశ చూపెట్టి 30,800 కట్టించిండు. అదే వాచీ ఇక్కడ షోరూంల కొంటే వారంటీతో తక్కువకే వచ్చేది.

అసలు సంగతేందంటే ఏ దేశం పన్ను ఆ దేశానిదే. సామాను మా దేశంల వాడుతలేరు, బయటికి తీస్కపోతున్నరు కాబట్టి మా పన్ను మీకు వాపస్ అని వాళ్ళు ఇచ్చేదే రిఫండ్. సింగపూర్‌ల 9 శాతం జీఎస్టీ వాపస్ ఇచ్చినా, యూరప్‌ల వ్యాట్ ఇచ్చినా ఇదే లెక్క. (లండన్‌ల అయితే టూరిస్టులు షాపుల కొని వెంట తెచ్చుకునే సామానుకు 2021 నుంచి రిఫండే బంద్ చేసిన్రు, అక్కడున్న చుట్టాలతోని కొనిపిచ్చుకునేటోళ్ళు గుర్తుంచుకోండి.) ఆ సామాను మన గడ్డ మీద దిగినప్పుడు మన కస్టమ్స్ లెక్క కొత్తగ మొదలైతది. దానికి రిఫండ్‌తో సంబంధం లేదు.

2026 ఫిబ్రవరి నుంచి కొత్త బ్యాగేజ్ రూల్స్ వచ్చినయి, మనోళ్ళకు ఫ్రీ లిమిట్ 75,000 అయింది. మంచిదే, కానీ ఏజెంట్లు ఇప్పుడు దీన్నే పట్టుకొని ఇద్దరికి లక్షన్నర ఫ్రీ అని చెప్పుడు మొదలుపెట్టిన్రు. కలపరాదు, మళ్ళ చెప్తున్న. డ్యూటీ శాతం బయల్దేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్ల చూసుకొనే పోండి. ల్యాప్‌టాప్ ఒకటి మాత్రం 18 ఏండ్లు నిండినోళ్ళకు ఈ లిమిట్‌ల లెక్కపెట్టరు. ఎల్‌ఈడీ టీవీ దీనికి ఉల్టా, దానికి ఫ్రీ లిమిట్ అసలే వర్తించదు, మొదటి రూపాయి నుంచే డ్యూటీ పడుతది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ సైడు గల్ఫ్ నుంచి వచ్చే అన్నలు ఎక్కువ దెబ్బతినేది టీవీల దగ్గరనే.

బంగారం గురించి గూడ చాలామంది పొరపడుతున్నరు. ఆడోళ్ళకు 40 గ్రాములు, మొగోళ్ళకు 20 గ్రాముల నగలు డ్యూటీ ఫ్రీ అని వింటరు చూడు, అది బయటి దేశంల ఏడాదికి పైగ ఉండి వచ్చేటోళ్ళకు. వారం టూర్ పోయొచ్చిన మనకు కాదు. బిస్కెట్లు, కాయిన్లు అసలే కాదు.

ఇంకో డేంజర్ సలహా గూడ ఇస్తున్నరు. బాక్సు పారేయండి, వాచీ చేతికి పెట్టుకోండి, బిల్లు చింపేయండి, పాతదని చెప్పండి అని. ఇది అస్సలు చేయకండి. బిల్లు లేకపోతే ఆఫీసర్ బయటి ధర చూసి ఆయనే విలువ కడుతడు. అబద్ధం చెప్పినట్టు తేలితే కస్టమ్స్ చట్టం 1962 ప్రకారం వస్తువే జప్తు చేయొచ్చు, విడిపిచ్చుకోవాలంటే డ్యూటీ, ఫైన్, పెనాల్టీ అన్నీ కట్టాలె.

లిమిట్ దాటింది ఉంటే సక్కగ రెడ్ ఛానల్ (సామాను చెప్పి డ్యూటీ కట్టేటోళ్ళ దారి) కే పోండి. అతిథి అని కస్టమ్స్ వాళ్ళ యాప్ ఉన్నది, విమానం ఎక్కకముందే అందుల డిక్లేర్ చేయొచ్చు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడిగి తీస్కోండి. ఇక్కడి నుంచి పోయేటప్పుడు ఖరీదైన వాచీ, కెమెరా, ఒంటి మీద ఎక్కువ నగలు ఉంటే పోయేటప్పుడే కస్టమ్స్ కౌంటర్‌ల ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చేయించుకోండి, లేకుంటే వచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నది కాదు అని రుజువు చేసుడు మస్తు కష్టం.

పెళ్ళి అయినంక బావ పోయి ఏజెంట్‌ను అడిగితే, అది కస్టమ్స్ వాళ్ళ ఇష్టం, నాకేం సంబంధం అన్నడు. నోటి మాటే కదా, బావ దగ్గర రుజువు లేదు. అందుకే మీ ఏజెంట్ ఎవరైనా సరే, డ్యూటీ పడదు అని చెప్తే ఆ ముక్క వాట్సాప్‌ల రాసి పంపమనండి. బావ కట్టిన రసీదు ఫోటో నా దగ్గర ఉన్నది, కావాలంటే పేరు, పాస్‌పోర్ట్ నంబర్ కనవడకుంట చేసి పంపిస్త.