రాసిపెట్టిన నియమమా, నిర్వాహకుడి విచక్షణా?

వికీపీడియాలో ఇద్దరు ఒకే పేజీ మీద పంతానికి దిగారనుకోండి. ఇంగ్లీషు వికీపీడియాలో లెక్క అందరికీ కనబడేలా రాసి ఉంది: 24 గంటల్లో ఒకే పేజీలో ఇతరుల మార్పులను మూడుకు మించి రద్దు చేస్తే నిరోధం పడొచ్చు, అంటే దిద్దుబాట్లు చేయకుండా ఆపేయొచ్చు. ముందు వాడుకరి చర్చా పేజీలో హెచ్చరిక, ఆగకపోతే పేజీ చరిత్రలోని తేడాల లింకులతో (ఎవరు ఏ మార్పు చేశారో చూపేవి) ఫిర్యాదు. నిరోధించే అధికారమున్న ఏ నిర్వాహకుడు వచ్చినా చూసేది ఆ లింకులే కాబట్టి "మనవాడు" అన్న మాటకు చోటు తక్కువ.

చిక్కల్లా లెక్క తెలిసిన గడుసువాళ్లతోనే. మూడుసార్లు రద్దు చేసి, నాలుగోది 25వ గంటకు అట్టిపెడతారు. అందుకే గీత దాటకపోయినా దిద్దుబాటు యుద్ధానికి (ఒకరి మార్పులను ఒకరు పదేపదే రద్దు చేసుకోవడానికి) నిరోధించే వీలు అదే నియమంలో ఉంచారు. పచ్చి దుశ్చర్యను, అంటే పేజీని కావాలని పాడుచేసిన మార్పును, రద్దు చేస్తే మాత్రం లెక్కలోకి రాదు.

ఉత్త విచక్షణకు వేగం ఉంది, స్పామ్‌ను తుడిచేయడానికి అది చాలు. మనిషిని నిరోధించేటప్పుడు చాలదు. నిరోధాల చిట్టాలో "అనుచితం" అన్న ఒక్క ముక్కే ఉంటే అప్పీలుకు వచ్చినవాడు దేన్ని ఖండించాలి? నియమం కనబడని చిక్కు వికీపీడియాకే కాదు: ఫేస్‌బుక్ సైతం పోస్టులను పరిశీలించే తన సమీక్షకుల లోపలి మార్గదర్శకాలను 2018 ఏప్రిల్‌లో గానీ బయటపెట్టలేదు.

నిరోధం దాకా వెళ్తే నియమం పేరు, తేడా లింకు, గడువు మూడూ రాయాల్సిందే.