రూ.180 సేఫ్టీ అద్దాలు: కెన్యాలో రెండేళ్లు వాడాక

నల్గొండ ప్రకాశం బజార్‌లో కొన్న అద్దాలివి. కళ్ల చుట్టూ రబ్బరు అంచు, వెనక ఎలాస్టిక్ పట్టీ. మాది దేవరకొండ దగ్గర పల్లె. బోర్ బండి మీద హెల్పర్‌గా కెన్యా పోతుంటే, అక్కడ చేసొచ్చిన మా బావ "బట్టలు ఒక జత తగ్గినా సరే, ఇవి మాత్రం పెట్టుకో బామ్మర్దీ" అని దగ్గరుండి కొనిపించాడు. రాతి పొడికేమో అనుకున్నాను.

మా పని సముద్రం వైపు, కిలిఫీ ప్రాంతంలో. అక్కడ విషం ఉమ్మే నాగు ఉంది. మన నాగుపాము కాటేస్తుంది గానీ ఉమ్మదు. ఇది రెండూ చేస్తుంది. ఒకరోజు పొద్దున్నే కేసింగ్ పైపు ఎత్తగానే కింద నుంచి లేచింది. మట్టి రంగు, మోకాలు దాటిన పడగ. మా మధ్య రెండు గజాలు. బుస వినబడింది, అంతలోనే ముఖం మీద సన్నటి తుంపర! అద్దం మీద పది పన్నెండు చుక్కలు పడ్డాయి. ఎండకు ఆరి పసుపు పెచ్చుల్లా లేచాయి.

నా పక్కనున్న పిల్లోడికి అద్దాల్లేవు. ఒక్క చుక్క ఎడమ కంట్లో పడింది. "అన్నా, నిప్పు పెట్టినట్టుంది" అని కింద కూలబడ్డాడు. డ్రిల్లర్ వాడి రెప్ప తెరిచి పట్టుకుని ఇరవై నిమిషాలు క్యాన్ నీళ్లు పోస్తూనే ఉన్నాడు. తర్వాతే ఆస్పత్రి. నాలుగో రోజుకు కన్ను తెరిచాడు. ఆ నీళ్లే కాపాడాయి. పసర్లు మాత్రం కంట్లో పిండకండి, దండం పెడతా.

తర్వాత ఒక ఆదివారం వాటాములోని బయో-కెన్ పాముల కేంద్రానికి పోయాం. ఉమ్మే నాగుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దదట, తొమ్మిది అడుగుల దాకా పెరుగుతుంది. వేరే జాతి అని 2007లో తేల్చి, ఆ కేంద్రం పెట్టిన జేమ్స్ ఆష్ పేరు పెట్టారు. కోర రంధ్రం ముందువైపుకు తిరిగి ఉంటుంది, కండరాలు విషపు సంచిని నొక్కితే పిచికారీలా చిమ్ముతుంది. పడగ ఎత్తకుండానే ఉమ్మగలదు. చెక్కుచెదరని చర్మానికి ఏమీ కాదు, కంట్లో పడి కడగకపోతే చూపే పోవచ్చు. కాటేస్తే చుట్టూ కండ కుళ్లుతుంది. మన దగ్గరి పాముకాటు ఇంజెక్షన్ దీనికి పనికిరాదు. 2004లో అక్కడే ఒక పాము నుంచి ఒక్కసారికే 6.2 మిల్లీలీటర్ల విషం తీశారు. టీ స్పూను నిండి పొర్లుతుంది!

ఇక అద్దాల లోపాలు. చెమటకు లోపల మసక కమ్ముతుంది, గంటకోసారి తుడవాల్సిందే. ఎనిమిది నెలలకే ఎలాస్టిక్ సాగింది, సైకిల్ ట్యూబు ముక్క కట్టుకున్నాను. కొనేటప్పుడు పక్కల గాలి రంధ్రాలు చూడండి. తెరిచి ఉన్నవి వద్దు, తుంపర లోపలికి దూరుతుంది. పైన మూత ఉన్నవే అడగండి.

ఐదుకు నాలుగు ఇస్తాను. వచ్చే నెల మా తమ్ముడు పోతున్నాడు. మూడు జతలు కొన్నా, ఒకటి వాడికి, రెండు వాడి పక్కన పైపులు ఎత్తేవాళ్లకు.