బీఈడీ ఇంగ్లిష్ మైక్రోటీచింగ్ రికార్డు: అచ్చు గడులు ఎంతవరకు పనికొస్తాయి?

బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ తీసుకున్నవాళ్ల కోసం పుస్తకాల షాపుల్లో అమ్మే రెడీమేడ్ మైక్రోటీచింగ్ రికార్డు గురించి ఈ సమీక్ష. మైక్రోటీచింగ్ అంటే ఒక్కో బోధన నైపుణ్యాన్ని కొద్దిమంది ముందు, కొన్ని నిమిషాల చిన్న పాఠంతో సాధన చేయడం; ఆ ప్లాన్లు రాసి ఉంచే పుస్తకమే రికార్డు. అట్ట మీద పేరు మారినా లోపలి సరుకు చాలావరకు ఒకటే: నైపుణ్యానికో నమూనా పాఠం, ఎదురుగా ఖాళీ గడులు, వెనకాల పరిశీలన పట్టిక.

ఈ పరిశీలన పట్టిక కోసమైనా రికార్డు కొనచ్చు. ప్రశ్నించే నైపుణ్యమే తీసుకోండి. జవాబు తట్టనివారికి సూచన అందించడం, అరకొర జవాబును పొడిగించమనడం, అదే ప్రశ్నను మరొకరికి మళ్లించడం వేర్వేరు వరుసల్లో ఉంటాయి. తోటి ఛాత్రోపాధ్యాయులు వాటి పక్కన గీతలు పెడుతూ పోతే ఫీడ్‌బ్యాక్ "బాగా చెప్పావు" దగ్గరే ఆగిపోదు.

చిక్కంతా ప్లాన్ గడులతోనే. పూర్తి పీరియడ్‌కు రాసే లక్ష్యాలు, స్పష్టీకరణలు (లక్ష్యం నెరవేరితే పిల్లలు ఏం చేయగలరో చెప్పే వాక్యాలు), ఉపకరణాలు, మూల్యాంకనం, ఇంటిపని ఇక్కడా అచ్చేస్తారు. పాఠం చెప్పి, సరిదిద్దుకుని, మళ్లీ చెప్పడాన్ని మైక్రోటీచింగ్ వలయం అంటారు. మన దగ్గర వాడుకలో ఉన్న వలయంలో బోధనకు 6 నిమిషాలు, ఫీడ్‌బ్యాక్‌కు 6, పునఃప్రణాళికకు 12, పునర్బోధనకు 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్‌కు 6. మొత్తం 36. ఉన్న గడులన్నీ నింపాలని చూస్తే పలకరింపు, ప్రేరణలకే మూడు నిమిషాలు పోతాయి. పిల్లలు నోరు విప్పేలోపే టైమ్ అయిపోతుంది. నిజంగా కావలసిన నిమిషాల గడి మాత్రం ఉండదు. ఎడమ అంచున పెన్సిల్‌తో గీసుకోండి: ప్రేరణ 1, ఉదాహరణలు 2, పిల్లల మాట 2, సరిచూడటం 1.

నమూనా పాఠాల్లో అంశం మరీ పెద్దది. "ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ టెన్స్" మొత్తం ఆరు నిమిషాల్లో పట్టదు. "ఫర్", "సిన్స్" తేడా ఒక్కటి తీసుకుంటే సరిపోతుంది. తెలుగు పిల్లలకు ఇది అసలైన అవసరం కూడా. "2018 నుంచి", "ఐదేళ్ల నుంచి" రెండింటికీ మనకు "నుంచి" ఒక్కటే. అందుకే "సిన్స్ ఫైవ్ ఇయర్స్" అనేస్తారు. సూత్రం చెప్పకుండా బోర్డు మీద ఒక అడ్డగీత గీయండి. మొదలైన చోట చుక్క పెట్టి "సిన్స్" అని, చుక్క నుంచి ఇప్పటిదాకా ఉన్న పొడవు కింద "ఫర్" అని రాయండి. తర్వాత "మండే", "త్రీ అవర్స్", "మార్చ్", "టెన్ డేస్" అని ఒక్కొక్కటే ఇచ్చి, చుక్కా పొడవా అని అడగండి. చివర్లో "ఎనీ డౌట్స్?" అంటే అందరూ "నో సర్" అంటారు. ఎవరికి అర్థమైందో దానితో తేలదు. ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం చెప్పిస్తే తేలుతుంది.

మరో లోపం మాకు బాగా బాధ కలిగిస్తుంది. నమూనాల్లో విద్యార్థి కృత్యం కింద "విద్యార్థులు జవాబు చెబుతారు" అని ఊరుకుంటారు. ఏం చెబుతారు? తప్పు చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటి? ప్లాన్ అంటే అదే కదా! రాగల తప్పు జవాబు ఒకటి, దానికి మీ ఎదురు ప్రశ్న ఒకటి ముందే రాసుకోండి.

కొనేటప్పుడు పునర్బోధనకు వేరే పేజీ ఉందో లేదో చూడండి. మొదటి ప్లాన్ నేరుగా రికార్డులో ఎక్కించకండి. పునఃప్రణాళికకు దొరికే 12 నిమిషాల్లో కొట్టివేతలకు చోటుండాలి. విడి కాగితం మీద రాసి, పునర్బోధన అయ్యాకే రెండు ప్లాన్లూ ఎక్కించండి.