బుడాపెస్ట్‌లో స్నేహితురాలి మాట ఎక్కడిదాకా వినాలి?

ఊళ్ళో తెలిసినవాళ్ళు ఉంటే ఇంకేం కావాలి అంటారు. బుడాపెస్ట్ విషయంలో అది సగమే నిజం. ఎక్కడ తినాలి, ఏ ట్రాం ఎక్కాలి, ఏ స్నానశాలకు వెళ్ళాలి, ఎక్కడ పర్సు తియ్యకూడదు అన్న సంగతుల్లో మా స్నేహితురాలి మాటకు తిరుగులేదు. చూడాల్సిన కట్టడాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ పెదవి విరవని చోటు లేదు. పార్లమెంటు పక్కనుంచి ఏళ్ళ తరబడి ఆఫీసుకు వెళ్ళివస్తున్న మనిషి ఇంతవరకు లోపల అడుగు పెట్టలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

ఆవిడ హంగేరియన్. వియన్నాలో నాతో పనిచేసి, తర్వాత సొంత ఊరు వెళ్ళిపోయింది. మేం ఇంకా వియన్నాలోనే ఉన్నాం కాబట్టి ప్రయాణం పెద్ద పనేం కాదు. రైల్‌జెట్ బండి రెండు గంటల నలభై నిమిషాల్లో కెలెతి స్టేషన్‌లో దింపేస్తుంది. టికెట్ ఎంత ముందు కొంటే అంత చవక. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు గాని, శుక్రవారం సాయంత్రం బండికి అది లేకపోతే తలుపు దగ్గర నిలబడాల్సి వస్తుంది. స్టేషన్ బయట టాక్సీ, టాక్సీ అని వెంటపడేవాళ్ళను దాటుకుని నేరుగా మెట్రోలోకి దిగిపోండి. ఏటీఎం 'మీ కరెన్సీలో లెక్క కట్టమంటారా' అని అడిగితే వద్దని నొక్కి, ఫోరింట్లలోనే తీసుకోండి. రూపాయికి మూడు నాలుగు ఫోరింట్లు అనుకుంటే ధరలు చప్పున అర్థమవుతాయి. విమానంలో వచ్చేవాళ్ళకు 100ఇ బస్సు నేరుగా నగరం నడిబొడ్డుకు తీసుకెళ్తుంది గాని దాని టికెట్ వేరు, రోజువారీ పాసు చెల్లదు. పాసుతో రావాలంటే 200ఇ బస్సెక్కి చివర్లో మెట్రో మారాలి.

స్నేహితురాలిది చిన్న ఫ్లాటు. ఇబ్బంది పెట్టడం ఎందుకని ఏడో జిల్లాలో ఒక అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నాం. ఇల్లు శుభ్రంగా ఉంది. వంటగదిలో గిన్నెలు, స్టవ్, కెటిల్, ఫిల్టర్ కాఫీ కాకపోయినా కాఫీ మెషిన్, అన్నీ ఉన్నాయి. దిండు మీద చాక్లెట్ పక్కన చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ ఎందుకు పెట్టారో పది దాటాక తెలిసింది. పాడుబడ్డ ఇళ్ళను, వాటి పెరళ్ళను బార్లుగా మార్చిన 'రూయిన్ బార్' సరదా పుట్టింది ఈ జిల్లాలోనే. పెళ్ళికి ముందు పార్టీల కోసం యూరప్ నలుమూలల నుంచి కుర్రాళ్ళు గుంపులుగా ఇక్కడికే వస్తారు. మా కిటికీ కింద తెల్లవారుజామున మూడింటి దాకా పాటలే. పాతికేళ్ళ వయసులో అయితే నేనూ కిందికి దిగేదాన్నేమో. పక్కనే ఉన్న ఆరో జిల్లాలో జనం ఓటేసి మరీ ఇలాంటి రోజువారీ అద్దె ఇళ్ళను వద్దన్నారు. 2026 జనవరి నుంచి అక్కడ నిషేధం అమల్లో ఉంది. ఆ రాత్రి తర్వాత ఆ ఓటు వేసినవాళ్ళ బాధ నాకు బాగా అర్థమైంది.

శనివారం పొద్దున మా మొహాలు చూడగానే స్నేహితురాలు పెట్టె లాక్కుని తన ఇంటికి తీసుకుపోయింది. పదమూడో జిల్లా, ఉయ్‌లిపోత్‌వారోష్ పేట. గుమ్మంలోనే చెప్పులు విప్పించి ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు ఇచ్చారు. తలుపు మీద పేరు చూస్తే ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. యూరప్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి ఫారాలలో ఏది ఫస్ట్ నేమో తేల్చుకోలేక తికమకపడే మా ఆయనకు, హంగేరీ వాళ్ళకి కూడా మనలాగే ఇంటిపేరే ముందని తెలిసి చాలా ఆనందమేసింది.

ఈ పేటలో ఇళ్ళు చాలావరకు 1930లలో కట్టినవి, నున్నటి గోడలు, గుండ్రటి బాల్కనీలు. డాన్యూబ్ పక్కనే పార్కు, వీధి నిండా బేకరీలు, పుస్తకాల షాపులు, కుక్కల్ని తిప్పే ముసలివాళ్ళు. టూరిస్టులు తక్కువ. నాలుగు, ఆరు నంబర్ల ట్రాములు దగ్గర్లోనే, ఆరో నంబరు రాత్రంతా నడుస్తుంది. ఎవరైనా నన్ను అడిగితే గది ఇక్కడే తీసుకోమంటాను. ఏడో జిల్లాకు సాయంత్రం వెళ్ళి చూసి రావచ్చు.

మా ఆయన శనివారం మాంసం ముట్టరు. హంగేరీలో అదొక పరీక్షే. కూరగాయల కూర అని ఇచ్చినదాని మీద కూడా ఒక సాసేజ్ ముక్క వేసి తెస్తారు. స్నేహితురాలు దానికి లెహెల్ మార్కెట్లో పరిష్కారం చూపించింది. 2002లో కట్టిన ఈ మార్కెట్ భవనానికి ఉన్న రంగులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఊళ్ళో సగం మంది దాన్ని అసహ్యించుకుంటూనే అక్కడే కూరలు కొంటారట. అక్కడ లాంగోష్ తిన్నాం. పళ్ళెమంత పెద్ద పూరీ అనుకోండి, మందంగా, పైన వెల్లుల్లి నీళ్ళు, పుల్లటి క్రీము, తురిమిన చీజ్. ఒకటి ఇద్దరికి చాలు. మధ్యాహ్నం ఫోజెలేక్. బఠాణీలైనా, పాలకూరైనా, బంగాళదుంపైనా చిక్కగా ఉడికించి క్రీము కలిపిన వంటకం ఇది. మాంసం వద్దని గట్టిగా చెబితే పైన వేయించిన గుడ్డు పెట్టబోతారు, అదీ వద్దంటే పాపం జాలిగా చూస్తారు. పుల్ల చెర్రీలతో చేసిన చల్లటి తియ్యటి సూప్‌ను భోజనానికి ముందు ఇచ్చారు. నాకు నచ్చింది. మా ఆయన మాత్రం 'పాయసం ముందే పెట్టేశారేంటి' అని చివరిదాకా పక్కన పెట్టుకున్నారు.

పాప్రికా కోసం అందరూ వెళ్ళేది 1897 నాటి గ్రేట్ మార్కెట్ హాలుకి. ఆదివారం సెలవు, శనివారం కూడా మధ్యాహ్నం దాటితే మూతే. భవనం చూసి తీరాల్సిందే. పై అంతస్తులో తిండి మాత్రం ఖరీదెక్కువ, రుచి తక్కువ, నిలబడడానికి చోటుండదు. నేల మాళిగలో పచ్చళ్ళ దుకాణాలుంటాయి, చాలామంది అక్కడిదాకా దిగరు. దోసకాయలు, క్యాబేజీ, మిరపకాయలు అన్నీ ఉప్పునీళ్ళలో, వెనిగర్‌లో ఊరుతుంటాయి, చుక్క నూనె ఉండదు. పాప్రికా పొట్లం మీద 'ఎదెష్' అని ఉంటే కారం లేనిది, 'చీపోష్' అని ఉంటే కారం. గుంటూరు జిల్లాలో పుట్టిన మనిషి కాబట్టి మా ఆయన రెండోదే పట్టుబట్టి కొన్నారు. ఇంటికొచ్చి రుచి చూసి, 'ఇది కూడా రంగుకే' అని తేల్చేశారు.

స్నానాల దగ్గర మా స్నేహితురాలికి వందకు వంద మార్కులు. ఈ ఊరి కింద వంద పైన వేడినీటి ఊటలున్నాయి. ఫొటోల్లో అందరూ చూసే పసుపురంగు సేచేన్యీ స్నానశాల 1913 నాటిది. అందమైనదే, కాకపోతే వారాంతంలో తిరణాల, టికెట్ పది వేల ఫోరింట్ల పైమాటే. గెల్లెర్ట్ స్నానశాల మరమ్మతుల కోసం 2025 అక్టోబరులో మూసేశారు. ఆవిడ మమ్మల్ని లూకాచ్‌కి తీసుకెళ్ళింది. దాదాపు సగం ధర, చుట్టూ ఉన్నది ఊరివాళ్ళు. కీళ్ళనొప్పులకు డాక్టరు రాసిచ్చిన కాగితంతో వచ్చే పెద్దవాళ్ళు మెడదాకా నీళ్ళలో మునిగి ఊరి రాజకీయాలు మాట్లాడుకుంటుంటారు. లోపలి ముంగిట్లో గోడ నిండా పాలరాతి ఫలకాలు, ఇక్కడి నీళ్ళతో జబ్బు నయమైందని రకరకాల భాషల్లో కృతజ్ఞతలు చెక్కించారు. మొక్కు తీర్చుకున్నట్టే.

ఆడవాళ్ళకు ఒక మాట. స్విమ్మింగ్ బట్టతో కుట్టినదైతే చాలు, మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా ఉన్న నా సూట్ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఈత కొలనులో దిగాలంటే టోపీ తప్పనిసరి, వేడినీళ్ళ తొట్లలో అక్కర్లేదు. తువ్వాలు, రబ్బరు చెప్పులు వెంట తీసుకెళ్ళండి, అక్కడ అద్దె దండగ. లాకర్ గదులు పాతవి, తడితడిగా ఉంటాయి, గంధకం వాసన బట్టల్ని పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. అద్దంలా మెరిసే స్పా కావాలనుకునేవాళ్ళకు ఈ చోటు నచ్చదు.

ఇక ఆవిడ మాట మేం వినని చోటు, పార్లమెంటు. 'బయట నుంచి ట్రాంలో చూస్తే చాలదూ' అంది. డాన్యూబ్ ఒడ్డున వెళ్ళే రెండో నంబరు ట్రాం నిజంగానే అద్భుతం, దానికి పడవ విహారాలు ఎందుకూ చాలవు. కానీ లోపలి సంగతి వేరు. వారాంతపు టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. యూరోపియన్ యూనియన్ పౌరులకు దాదాపు సగం ధర. మనం వియన్నాలో ఎన్నేళ్ళుగా పన్నులు కడుతున్నా సరే, చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్టు కాబట్టి పూర్తి ధర. అయినా ఇవ్వవచ్చు. లోపల అలంకారానికి నలభై కిలోల బంగారం వాడారు. గుమ్మటం ఎత్తు 96 మీటర్లు, హంగేరియన్లు ఈ నేలకు వచ్చిన 896వ సంవత్సరానికి గుర్తు. సెయింట్ స్టీఫెన్ బాసిలికా అనే పెద్ద చర్చి ఎత్తు కూడా అంతే. ఈ భవనం గీసిన ఇమ్రే ష్టైండ్ల్, 1902లో ఇక్కడ పార్లమెంటు మామూలు సమావేశాలు మొదలవడానికి కొద్ది వారాల ముందు పోయాడు. హంగేరీ రాజుల కిరీటం గుమ్మటం కింద గాజు పెట్టెలో ఉంది, పైన శిలువ పక్కకు ఒరిగి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది అమెరికా చేతికి వెళ్ళి, ఫోర్ట్ నాక్స్‌లో బంగారం నిల్వలతో పాటు దాగి, 1978లో తిరిగొచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చినవి సభ బయట కారిడార్లో వరసగా ఉన్న ఇత్తడి సిగార్ స్టాండ్లు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. లోపల ఎవరైనా బాగా మాట్లాడుతుంటే సభ్యులు బయటికి రావడం మరిచిపోయేవారట, సిగార్ కాలి బూడిదయ్యేదట. నలభై అయిదు నిమిషాల టూర్ చాలా వేగంగా నడిపిస్తారు, అదొక్కటే అసంతృప్తి.

అక్కణ్ణుంచి నాలుగడుగులు నడిస్తే నది గట్టున ఇనుప చెప్పుల జతలు. 1944, 45 చలికాలంలో హంగేరీలోని నాజీ అనుకూల పార్టీ యారో క్రాస్ ముఠా యూదులను ఈ గట్టున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేసింది. అరవై జతలు, పిల్లలవి కూడా ఉన్నాయి. 2005లో పెట్టారు. అక్కడ స్నేహితురాలు తన పేట సంగతి చెప్పింది. ఆ రోజుల్లో ఉయ్‌లిపోత్‌వారోష్‌లో చాలా ఇళ్ళు స్వీడన్, స్విట్జర్లాండ్ లాంటి దేశాల రాయబార కార్యాలయాల రక్షణలో ఉండేవి, వేలాదిమంది యూదులు గదికి పదుల సంఖ్యలో అక్కడ తలదాచుకున్నారు. స్వీడన్ దౌత్యవేత్త రౌల్ వాలెన్‌బర్గ్ పేరు మీద అక్కడొక వీధి ఉంది. రష్యన్ సైన్యం 1945 జనవరిలో అతన్ని పట్టుకెళ్ళింది, ఇక తిరిగి రాలేదు. పొద్దున కాఫీ తాగుతూ బాల్కనీలో నేను మెచ్చుకున్న ఇళ్ళు అవే.

కోట కొండ మీదికి సికిలో అనే కేబుల్ బండి ఎక్కకండి. క్యూ పెద్దది, ధర దానికంటే పెద్దది. మామూలు పాసుతో 16వ నంబరు బస్సు పైదాకా వెళ్తుంది. పైన ఫిషర్‌మెన్స్ బాస్టియన్ బొమ్మల పుస్తకంలోంచి ఊడిపడ్డ చోటు, కింది వరండాలకు టికెట్ లేదు. బాసిలికా దగ్గర ఒక కేఫ్‌లో బిల్లుకి పదిహేను శాతం సర్వీసు ఛార్జి ముందే కలిపి, మళ్ళీ కార్డు మెషిన్‌లో టిప్ ఎంత అని అడిగారు. బిల్లులో 'సెర్వీజ్‌దీయ్' అనే మాట కనిపిస్తే టిప్ అక్కర్లేదు.

ఆదివారం పూర్తిగా ఆవిడకే వదిలేశాం. బుడా వైపు కొండల్లో పిల్లల రైలు ఉంది, 1948లో మొదలైంది. సుమారు పదకొండు కిలోమీటర్ల నారో గేజ్ లైను. డ్రైవరు తప్ప టికెట్లు ఇచ్చేవాళ్ళు, సిగ్నళ్ళు చూసేవాళ్ళు అందరూ పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలే. బండి కదిలేటప్పుడు యూనిఫాంలో నిలబడి సెల్యూట్ చేస్తారు. బడిలో మార్కులు బాగుంటేనే ఇక్కడ డ్యూటీ ఇస్తారని చెప్పగానే, మార్కులకీ ఉద్యోగానికీ ఉన్న ఈ లంకె ఎంత దూరం పోయినా మనల్ని వదలదనిపించింది. 61వ నంబరు ట్రాంలో హూవోష్‌వోల్జ్ దాకా వెళ్ళి అక్కడ బండెక్కాలి. యానోష్ కొండ దగ్గర దిగి కొంచెం ఎక్కితే ఎర్జేబెత్ బురుజు. నగరంలో అన్నిటికంటే ఎత్తయిన చోటు ఇదే, 527 మీటర్లు. దిగేటప్పుడు కుర్చీల లిఫ్టు, కింద నుంచి 291వ నంబరు బస్సు. ఏ గైడులో చదివినా నేను దీన్ని పిల్లల ఆట అని దాటేసేదాన్ని. వారాంతం మొత్తంలో పార్లమెంటు తర్వాత ఇదే నాకు గుర్తుండేది.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో పుట్టింది ఈ ఊళ్ళోనే, తల్లి హంగేరియన్ అని బస్సులో మాటల్లో చెప్పాను. స్నేహితురాలు ఆ పేరు వినలేదట. ఫోన్ తీసి ఆవిడ బొమ్మలు చూస్తూ దిగాల్సిన స్టాప్ దాటించేసింది. వియన్నా బండి ఇంకా గంటకు గాని లేదు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. పార్లమెంటు టికెట్ ఆన్‌లైన్‌లో ఎక్కడ కొనాలో కూడా నన్ను అడిగి రాసుకుంది. హంగేరియన్ కాబట్టి ఆవిడకు సగం ధరే.