మూడేళ్లలో మూడుసార్లు చదివిన పాత నవల: వింటర్ కౌంట్స్

మూడేళ్ల కిందట డెన్వర్‌లో ఒక పాత పుస్తకాల షాపులో నాలుగు డాలర్లకు దొరికింది ఈ పేపర్‌బ్యాక్. అట్ట మూల మడిగిపోయింది, వెన్ను మధ్యలో చీలింది. నాకంటే ముందు చదివినవాళ్లెవరో లకోటా (అమెరికా ఆదివాసీ తెగ ఒకదాని భాష) మాటల కింద పెన్సిల్‌తో గీతలు గీసి, పక్కన సన్నటి అక్షరాలతో అర్థాలు రాసుకున్నారు. కొత్త కాపీ కొనుంటే ఆ రాతలు నాకు దక్కేవి కావు.

రచయిత డేవిడ్ హెస్కా వాన్బ్లీ వైడెన్ లకోటాల్లో సిచాంగు అనే శాఖకు చెందిన మనిషి. 2020లో వచ్చిన ఆయన మొదటి నవల ఇది. కథ సౌత్ డకోటా రాష్ట్రంలోని రోజ్‌బడ్ రిజర్వేషన్‌లో, అంటే ఆ తెగకు కేటాయించిన ప్రాంతంలో, మొదలవుతుంది. వర్జిల్ వూండెడ్ హార్స్ డబ్బు తీసుకుని మనుషుల్ని కొడతాడు. పిల్లల మీద, ఆడవాళ్ల మీద అఘాయిత్యం చేసి కూడా కేసు లేకుండా తిరిగేవాళ్లే అతని చేతికి చిక్కేది. తోబుట్టువు చనిపోతే ఆమె కొడుకు, పద్నాలుగేళ్ల నేథన్‌ని తనే పెంచుతుంటాడు. డెన్వర్ నుంచి వస్తున్న హెరాయిన్‌ను ఆపమని ట్రైబల్ కౌన్సిల్ (తెగ సొంత పాలక మండలి) సభ్యుడొకాయన వర్జిల్‌ను అడుగుతాడు. ఇంతలోనే అది నేథన్ దాకా వచ్చేస్తుంది. ఇంతకుమించి కథ చెప్పను.

మొదటిసారి టెన్షన్‌తో రెండు రాత్రుల్లో చదివేశాను. రెండోసారి చదివేటప్పుడు ఒకటే ప్రశ్న: అసలు పోలీసులు ఏమయ్యారు? జవాబు వెతికితే మళ్లీ రోజ్‌బడ్‌కే వచ్చాను. 1881లో అక్కడ క్రో డాగ్ అనే ఆయన పెద్ద నాయకుడు స్పాటెడ్ టెయిల్‌ను కాల్చి చంపాడు. రెండు కుటుంబాలూ తమ ఆచారం ప్రకారం కూర్చుని, క్రో డాగ్ వైపువాళ్లు డబ్బు, గుర్రాలు, ఒక దుప్పటి ఇచ్చేలా రాజీపడ్డాయి. అయినా ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ, కోర్టు క్రో డాగ్‌కు ఉరిశిక్ష వేసింది. ఆ అధికారం కోర్టుకు లేదని 1883లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో 1885లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి హత్య, అత్యాచారం లాంటి పెద్ద నేరాలను ఫెడరల్ చేతికి తీసుకుంది. తెగల సొంత ట్రైబల్ కోర్టు వేయగల శిక్షలకు ఇప్పటికీ పరిమితి ఉంది. ఫెడరల్ వాళ్లు కేసు చేపట్టకపోతే బాధితులు ఎవరి దగ్గరికి పోవాలి? వర్జిల్ దగ్గరికే. ఇది తెలిశాక, మొదట్లో అతను ఒక పీటీ మాస్టారిని చితకబాదే సీను నాకు మరోలా కనిపించింది.

మూడోసారి మనసుకు పట్టుకున్నది మేనమామ, మేనల్లుడు. ‘లెక్షి’ అన్న మాట పక్కన పాత పాఠకుడు ‘అమ్మ సోదరుడు’ అని రాశాడు. లకోటాలో నాన్న అన్నదమ్ములు కూడా నాన్నలే, అమ్మ అక్కచెల్లెళ్లు కూడా అమ్మలే. మేనమామకు మాత్రం వేరే మాట. చిన్నాన్న, పెద్దమ్మ అంటూ పెరిగిన మనకు ఇది ఎవరూ వివరించక్కర్లేదు. ఇంగ్లీషులో ‘అంకుల్’ అంటే చప్పబడిపోయే బంధం, తల్లి లేని పిల్లాడికి మేనమామ అనగానే గుండెలో దిగుతుంది. హాస్పిటల్లో నేథన్ మంచం పక్కన వర్జిల్ కూర్చున్న పేజీలు ఇప్పటికీ ఒక్క ఊపున చదవలేను.

లోపాలు లేవని కాదు. విలన్ ఎవరో సగంలోనే పసిగట్టేశాను. వంట షెఫ్ చుట్టూ తిరిగే భాగం సాగింది, మళ్లీ చదివినప్పుడల్లా అక్కడ పేజీలు గబగబా తిప్పేస్తాను. దెబ్బలు, రక్తం బాగానే ఉన్నాయి, పడనివాళ్లు చూసుకోండి. ఇంగ్లీషు మాత్రం చాలా తేలిక.

పేరు సంగతి కూడా చెప్పాలి. లకోటాలు ఏడాదిని చలికాలాలతో లెక్కపెట్టి, ఒక్కో ఏడాదికి గుర్తుగా తోలు మీద ఒక్క బొమ్మ వేసేవాళ్లు. అదే వింటర్ కౌంట్.

అట్ట ఇప్పుడు పూర్తిగా ఊడింది, టేపు వేశాను. పోయిన నెల మా అక్క కొడుకు అడిగితే ఇచ్చాను, పెన్సిల్ రాతలు మాత్రం చెరపొద్దురా అని చెప్పి.