'నేచురల్ ఫేడ్' పేరుతో అమ్మే జీన్స్ లిక్విడ్ కొనేముందు ఇది చదవండి

కొత్త జీన్స్‌కి బాగా వాడిన లుక్ తెస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే లిక్విడ్ కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఒక్క నిమిషం ఆగండి.

నాకు వచ్చిన సీసా మీద "నేచురల్ ఫేడ్, బట్టకు హాని లేదు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. లోపల ఏం కలిపారో మాత్రం ఎక్కడా లేదు. మూత తీయగానే గుప్పున బ్లీచ్ వాసన. దాంతోపాటు వచ్చిన కాగితంలో రాసినట్టే నీళ్లు కలిపి, స్పాంజితో తొడల మీద, మోకాళ్ల దగ్గర అద్దాను. రంగు దిగింది, నిజమే. కానీ ఆరాక చూస్తే పసుప్పచ్చ మరకలు. స్ట్రెచ్ జీన్స్ కావడంతో మోకాళ్ల దగ్గర సాగిన బట్ట మళ్లీ బిగుసుకోలేదు. ఆ తర్వాత ఉతికేకొద్దీ తొడ దగ్గర పోగులు విడిపోయాయి. సెల్లర్‌ని అడిగితే, మీ జీన్స్ నాసిరకం అన్నాడు. తెరిచిన సీసా వెనక్కి తీసుకోనన్నాడు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ కాగితంలో ఆఖరి లైన్ చూసి నాకు నిజంగా భయమేసింది: "రంగు నిలవాలంటే చివర్లో వెనిగర్‌లో నానబెట్టండి." బ్లీచ్ వాసన తెలిసింది కాబట్టి ఆ పని చేయలేదు. క్లోరిన్ బ్లీచ్‌లో వెనిగర్ పడితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, తలుపు మూసిన బాత్‌రూంలో అయితే ఊపిరితిత్తులకే ముప్పు. టాయిలెట్ కడిగే యాసిడ్ తగిలినా అంతే. ఎవరికైనా పొరపాటున అలా జరిగితే వెంటనే బయట గాలిలోకి వచ్చేయండి. ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

అసలు సీసాలో పోసి అమ్మేది 'నేచురల్' ఎలా అవుతుంది? మామూలు నీలం డెనిమ్‌లో (జీన్స్ బట్టలో) పడుగు (నిలువు) పోగులకే ఇండిగో అనే నీలం రంగు పట్టిస్తారు, పేక (అడ్డం పోగు) తెల్లగానే ఉంటుంది. ఆ ఇండిగో కూడా పోగు పైపొరనే పట్టుకుంటుంది, నడిమధ్య తెలుపు అలాగే మిగులుతుంది. వేసుకుని తిరుగుతుంటే ముడతలు పడ్డచోట, జేబు అంచుల దగ్గర ఒరిపిడికి పైపొర అరిగి ఆ తెలుపు బయటపడుతుంది. మనకు నచ్చే అందం అదే. బ్లీచ్ అలా ఎంచుకుని పనిచేయదు, తగిలిన చోటల్లా రంగు తినేస్తుంది, నూలునీ బలహీనపరుస్తుంది. స్ట్రెచ్ కోసం కలిపే ఎలాస్టేన్‌కైతే క్లోరిన్ అస్సలు పడదు. పైగా బ్లీచ్ వాడాక దాని పని ఆపడానికి సోడియం థయోసల్ఫేట్ లాంటిది వాడాలి. ఈ కిట్‌లో అదీ లేదు. నల్ల జీన్స్‌కి ఎక్కువగా సల్ఫర్ డై వాడతారు, బ్లీచ్ తగిలితే అది గోధుమరంగులోకి తిరుగుతుంది.

ఇదే సెల్లర్ ఇసుక చిమ్మే గన్ కూడా అమ్ముతున్నాడు. దాని జోలికి అస్సలు పోకండి. జీన్స్ మీద ఇసుక కొట్టే పనిలో ఎందరో కార్మికులకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక టర్కీ 2009లో ఆ పద్ధతినే నిషేధించింది. ఇసుకలోని సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేసే నష్టం మళ్లీ బాగుపడదు.

తొందరగా పాతబడ్డ లుక్ కావాలంటే వంద శాతం కాటన్ డెనిమ్ తీసుకోండి. కాలు లోపల చెక్క పెట్టి, 220 నంబరు సాండ్‌పేపర్‌తో తొడల మీద తేలిగ్గా రుద్దండి. ముక్కుకి మాస్క్ పెట్టుకుని ఆరుబయట చేయండి. కుట్ల మీద రుద్దితే దారం తెగుతుంది. మధ్యలో ఆపి, ఒకసారి ఉతికి ఆరాక చూసుకోండి, తడిమీద రంగు ముదురుగా కనిపిస్తుంది.

సీసా ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే దేనితోనూ కలపకండి, పిల్లలకు అందనివ్వకండి. లేబుల్, కాగితం ఫొటోలు తీసి కంప్లయింట్ పెట్టండి, నేనూ పెట్టాను. వెనిగర్ లైన్ గురించి అందులో తప్పకుండా రాయండి.