స్టీమ్ ట్రేసింగ్‌కి పూసే హీట్ ట్రాన్స్‌ఫర్ సిమెంట్ ఎలా ఉంది?

స్టీమ్ ట్రేసింగ్ అంటే పైపులో సరుకు గడ్డకట్టకుండా దాని వెంట స్టీమ్ పారే సన్న ట్యూబ్ (ట్రేసర్) కట్టడం. కరిగిన సల్ఫర్ లైన్ నడిపేవాళ్లకి ఈ టెన్షన్ తెలుసు. 115 డిగ్రీలు దాటితే గానీ అది కరగదు, 160 దాటిందా, ఉన్నట్టుండి ముదురు పాకంలా చిక్కబడి పంపుని ముప్పుతిప్పలు పెడుతుంది. అందుకే 3.5 బార్ గేజ్ ప్రెషర్ ఉన్న స్టీమ్, అంటే దాదాపు 148 డిగ్రీలు, దీనికి చక్కగా సరిపోతుంది. కానీ ఆ వేడి పైపులోకి దిగాలి కదా! గుండ్రటి పైపుకి గుండ్రటి ట్యూబ్ ఆనించి స్ట్రాప్ ఎంత బిగించినా రెండూ తాకేది సన్నటి గీత మేర మాత్రమే, మిగతాదంతా గాలి. ఆ సందు నింపడానికే ఈ గ్రాఫైట్ సిమెంట్.

మేం వాడింది బకెట్లో వచ్చే, నీళ్లతో కలిపిన రకం. నల్లటి ముద్ద, తాపీతో ట్యూబ్‌కి రెండు పక్కలా నొక్కి పూయాలి, సాయంత్రానికి ఫిట్టర్ల మొహాలు కూడా నల్లగానే ఉంటాయి. పని మాత్రం చేస్తోంది, నేరుగా పోయే పైపు మీద దీనికి వంక పెట్టలేం. పైపు వేడి స్టీమ్ వేడికి బాగా దగ్గరగా వస్తోంది, ఆగిన లైన్ మళ్లీ కరగడానికీ ఇదివరకటంత సేపు పట్టట్లేదు. ఒకటే జాగ్రత్త, తడి ఆరకముందే స్టీమ్ పూర్తిగా తెరిచారా, లోపలి నీళ్లు మరిగి సిమెంట్ బుడగలుగా ఉబ్బి పైపుని వదిలేస్తుంది. వాన పడితే ఇంకా దారుణం, పూసిందంతా కారిపోతుంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు.

వాల్వుల దగ్గర మాత్రం నాకు నచ్చలేదు. సల్ఫర్ గడ్డకట్టేది వాల్వు, ఫ్లాంజ్ (పైపుల్ని బోల్టులతో కలిపే జాయింట్), పైపు సపోర్టుల దగ్గరే, సరిగ్గా అక్కడే దీన్ని పూయడం కష్టం, పైగా వాల్వు విప్పాల్సి వస్తే ఉలి పెట్టి కొట్టుకోవాలి. వాల్వులకి బోల్టులతో బిగించే, లోపల స్టీమ్ పారే జాకెట్లే నయం.

బాగుంది కదా అని కాస్టిక్ సోడా లైన్‌కి మాత్రం పూయకండి. 50 శాతం కాస్టిక్ గడ్డకట్టేది 12 డిగ్రీల దగ్గర, దానికి ఇంత వేడి అక్కర్లేదు, ట్రేసర్ తగిలి వేడెక్కిన చోటే కార్బన్ స్టీల్ పైపు పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. అక్కడ ట్యూబ్‌కీ పైపుకీ మధ్య స్పేసర్ పెట్టి దూరంగా ఉంచాలి.

ఇక ట్రాప్ (స్టీమ్‌ని ఆపి నీళ్లని మాత్రమే బయటికి వదిలేది) మూసుకుపోయి ట్రేసర్లో కండెన్సేట్, అంటే స్టీమ్ చల్లబడి అయిన నీళ్లు, నిలిచిందంటే ఎంత ఖరీదైన సిమెంట్ పూసినా పైపు చల్లగానే ఉంటుంది, తిట్లు మాత్రం సిమెంట్‌కి పడతాయి. ఒక్కో ట్రేసర్‌కి విడిగా ఒక ట్రాప్ ఉండాలి, పొదుపని రెండు ట్రేసర్లని ఒకే ట్రాప్‌కి కలపొద్దు. ఇన్సులేషన్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు కూడా పైపు కంటే ఒక సైజు పెద్దది చెప్పండి, ట్యూబూ సిమెంటూ అందులోనే పట్టాలి.